అత్తగారి మోకాళ్ళు, పిల్లల బూట్లు, రెండు జలపాతాలు

ప్రశ్న: మాది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. బాబుకి పదకొండేళ్ళు, పాపకి ఏడు. పుట్టినప్పట్నించీ కొబ్బరి తోటలు, వరి చేలు, కాలవలు తప్ప వేరే చూడలేదు. పెద్ద పెద్ద చెట్ల మధ్య నడుచుకుంటూ వెళ్ళి జలపాతం చూడాలని పాప ఒకటే గొడవ. మావారేమో మారేడుమిల్లి వైపు జలపాతాలన్నీ, గుడిస కొండతో సహా, ఒక్క ఆదివారంలో చుట్టేద్దామంటున్నారు. మా అత్తగారికి అరవై ఆరు, మోకాళ్ళ నొప్పులు. "అడవిలో పాములుంటాయి, పిల్లల్ని తీసుకెళ్ళొద్దు" అని ఒక పూట, "నన్నొదిలేసి వెళ్ళిపోతారా" అని ఇంకో పూట. నిజం చెప్పాలంటే ఆవిడ్ని ఇంట్లో ఉంచి వెళ్తే హాయిగా ఉంటుందనిపిస్తోంది. అలా అనుకోవడం తప్పా? మాలాంటివాళ్ళకి తేలికైన నడక ఎక్కడ, ఎప్పుడు వెళ్ళాలి? పిల్లలిద్దరికీ ఈత బాగా వచ్చు, నీళ్ళంటే భయం లేదు.
(పేరు వెయ్యొద్దన్నారు)

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది పాములూ కాదు, మీ అత్తగారి మోకాళ్ళూ కాదు. చివరి వాక్యం. ముందు దాని సంగతి తేల్చుకుని అప్పుడు దారి సంగతి చూద్దాం.

మనం డెల్టా వాళ్ళం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నించీ తరతరాలుగా కాలవ నీళ్ళలోనే పెరిగాం. నీళ్ళ గురించి మనకి ఇంకొకరు చెప్పాలా అన్న ధీమా మనకి పుట్టుకతో వస్తుంది. కానీ మనకి తెలిసింది కాలవ నీళ్ళు. కాలవకి రేవుంటుంది, రేవుకి మెట్లుంటాయి, కాలు పెడితే కింద మెత్తగా ఒండ్రు తగులుతుంది. లాకులెత్తితే తప్ప నీరు పెరగదు, ఎత్తినా ఊరందరికీ తెలుస్తుంది. కొండ వాగు అలాంటిది కాదు. అడుగున రాయి, రాయి మీద పాచి, రాయికీ రాయికీ మధ్య కాలు ఇరుక్కునే సందులు. నీళ్ళు అద్దంలా ఉంటాయి కాబట్టి మోకాలి లోతే అనిపిస్తుంది, దిగితే మెడ దాకా వస్తుంది. మీ నెత్తిన ఎండ కాస్తూనే ఉంటుంది, ఎగువన ఎక్కడో కొండ మీద వాన కురుస్తుంది, కాసేపట్లో మీ కాళ్ళ దగ్గర నీరు పెరుగుతుంది.

మా బావమరిది సంగతి చెప్తాను. గోదావరిని ఈదుకుంటూ లంకలోకి వెళ్ళి దోసకాయలు తిని ఈదుకుంటూ వచ్చే రకం. మన్యంలో ఒక జలపాతం దగ్గర "ఇదేం నీళ్ళు, మా పంట బోదంత లేదు" అంటూ హవాయి చెప్పులతో రాయి మీద అడుగేశాడు. రెండో అడుగు పడలేదు. చెప్పు ఒకటి వాగులో కొట్టుకుపోయింది, మనిషి వెల్లకిలా పడ్డాడు, మోచెయ్యి విరిగింది. లోతు చూస్తే పిక్కల దాకా కూడా లేదు. అక్కణ్ణించి కట్టు కట్టించుకునే చోటికి చేరడానికి గంటన్నర పైనే పట్టింది. ఆ దారంతా మా చెల్లెలు ఒక్క మాట మాట్లాడలేదు. అది వాడికి మోచేతి కన్నా ఎక్కువ నొప్పి.

అందుకని పిల్లలకి ఇంట్లోనే చెప్పండి: అక్కడ ఈత లేదు. మీరు చూపించిన చోట, మోకాలి కింది దాకా నీళ్ళు, పెద్దవాళ్ళ చెయ్యి పట్టుకుని. అంతే. ధార కింద తల పెట్టడం మీవారికి కూడా వద్దు, నీళ్ళతో పాటు రాళ్ళూ కొమ్మలూ పడతాయి. నీళ్ళు రంగు మారి మట్టి కలిసినట్టు కనిపించినా, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా వెంటనే ఉన్న వైపు గట్టే ఎక్కెయ్యండి. సంచులు అవతలి గట్టున ఉన్నాయని వాగు దాటొద్దు. సంచులు పోతే పోనివ్వండి.

ఇప్పుడు ఎక్కడికో చూద్దాం. మన డెల్టాలో జలపాతం వెతకడం దండగ, నీరు దూకడానికి ఎత్తే లేదు. మీవారు అన్న మారేడుమిల్లే సరైన చోటు. కాకపోతే ఆయన లెక్కే సరిగ్గా లేదు. మీ ఊరి నించి రావులపాలెం, రాజమండ్రి, గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లికి 150 కిలోమీటర్ల పైమాటే. రాజమండ్రి నించి మారేడుమిల్లి దాకానే 85 కిలోమీటర్లుంటుంది, అందులో చివరి భాగం కొండదారి. పొద్దున్నే బయల్దేరినా పిల్లలతో, టిఫిన్లతో, వాంతులతో చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఆదివారం వెళ్ళి ఆదివారం రావాలంటే మీరు చూసేది కారు కిటికీని. గుడిస పచ్చిక కొండ, అడవి నడక కాదు. అక్కడికి తెల్లవారకముందే లేచి గతుకుల దారిలో జీపెక్కి వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పుల మనిషికీ ఏడేళ్ళ పిల్లకీ అది శిక్ష. దాన్ని మీవారి స్నేహితులకి వదిలెయ్యండి.

ఒక రాత్రి ఉండేలా వెళ్ళండి. మారేడుమిల్లిలో అటవీ శాఖ వాళ్ళ పర్యాటక బసలున్నాయి, ప్రైవేటు గదులూ ఉన్నాయి. శని, ఆదివారాలకైతే ముందే బుక్ చేసుకోవాలి. పెట్రోలు, మందులు, డబ్బులు అన్నీ రంపచోడవరంలోనే చూసుకోండి, ఆసుపత్రి కూడా అక్కడే ఉంది. అది దాటాక ఫోను సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి.

మొదటి రోజు సాయంత్రం జలతరంగిణి. మారేడుమిల్లి నించి భద్రాచలం రోడ్డులో కొద్ది కిలోమీటర్లు వెళ్తే రోడ్డు పక్కనే ఉంటుంది. మీ అత్తగారు కూడా చూడగలిగేది అది. రెండో రోజు పొద్దున్నే అమృతధార. అదే రోడ్డులో ఇంకా ముందుకెళ్ళి, పక్కకి మళ్ళి అడవిలోకి నడవాలి. మీ పాప అడిగిన నడక ఇదీ. బయల్దేరే ముందు మారేడుమిల్లిలో అటవీ శాఖ వాళ్ళని, "ఈ రోజు ఏ దారి తెరిచి ఉంది, నీరెలా ఉంది" అని అడగండి. వీలైతే అక్కడి ఊళ్ళ కుర్రాణ్ణొకణ్ణి తోడు తీసుకోండి. కొండరెడ్డి పిల్లాడో కోయ పిల్లాడో వస్తే, మన కళ్ళకి కనపడనివి సగం అతను చూపిస్తాడు. మాట్లాడుకున్న డబ్బు బేరమాడకుండా ఇవ్వండి.

రెండు రోజులకీ రెండు జలపాతాలు, నడక మాత్రం ఒక్కటే. మూడోది చూద్దామని మీవారు అంటారు, అననివ్వండి.

ఎప్పుడు అన్నారు. ఆగస్టులో వెళ్తే జలపాతం భీకరంగా ఉంటుంది, ఫోటోలకి బావుంటుంది, పిల్లలకి బావుండదు. దారంతా జారుడు, జలగలు. అక్టోబరు, నవంబరులో ఎప్పుడు వాయుగుండం పడుతుందో మనకి తెలీనిది కాదు. పైగా కార్తీక ఆదివారాల్లో వనభోజనాల జనం, మైకులు. కార్తీకంలో వెళ్తే మీ అత్తగారు బొంగు చికెన్ కూడా ముట్టరు, అదొక అన్యాయం. డిసెంబరు మొదటి పదిహేను రోజులు నా ఓటు. ధార సన్నబడుతుంది కానీ నీరు తేటగా ఉంటుంది, దారి ఆరి ఉంటుంది, సంక్రాంతి జనం ఇంకా రారు. రాత్రుళ్ళు చలి మాత్రం మన కోనసీమ చలి కాదు, స్వెట్టర్లు, మంకీ క్యాపులు పెట్టుకోండి.

నడక గురించి ఒక మాట. ఏడేళ్ళ పిల్లతో అడవిలో కిలోమీటరుకి గంట వేసుకోండి. తక్కువ పడితే సంతోషమే. ఆ గంట వృథా కాదు, అసలు వెళ్ళేదే దానికోసం. జలపాతం దగ్గర పిల్లలు పది నిమిషాలు కేకలేస్తారు, తర్వాత ఆకలంటారు. దారిలో మాత్రం చూపించేవాళ్ళుంటే రోజంతా ఉంటారు.

అందుకే ఏం చూపించాలో కొంచెం చెప్తాను. రంపచోడవరం దాటాక రోడ్డు పక్కన కొన్ని చోట్ల చెట్లు గీత గీసినట్టు వరసలో కనిపిస్తాయి, అన్నీ ఒకే లావు, ఒకే ఎత్తు. అవి నాటిన టేకు. ఇంకొన్ని చోట్ల కొండవాలు మీద పొదలు, వెదుళ్ళు, అక్కడక్కడా సన్న చెట్లు. అది ఒకప్పుడు పోడు కొట్టి, అంటే చెట్లు నరికి కాల్చి సాగు చేసి, వదిలేస్తే మళ్ళీ మొలిచిన అడవి అయ్యుండొచ్చు. బాబుని కారులోంచే "వరసా? పొదా?" అని పందెం వెయ్యమనండి. ఈ రెండూ కానిది వచ్చినప్పుడు వాడికే తెలిసిపోతుంది, ఎందుకంటే కారులోకి వెలుతురు తగ్గిపోతుంది.

ముదురు అడవిలో ముసలి చెట్టు, నడీడు చెట్టు, మొక్క అన్నీ పక్కపక్కనే ఉంటాయి, ఉమ్మడి కుటుంబంలా. పైన కొమ్మలు ఒకదాన్నొకటి కప్పేస్తాయి. వాటి కింద నీడకి అలవాటు పడ్డ చెట్లు, వాటి కింద తీగలు. తీగంటే మన సొర తీగ అనుకునేరు. అడ్డతీగ ముదిరితే తొడంత లావుంటుంది, ఒక చెట్టెక్కి దాని మీంచి ఇంకో చెట్టుకి పాకుతుంది. దీని పేరు మీద అడ్డతీగల అని ఊరే ఉంది ఆ మన్యంలో. ఆకు తీసి పాప చేతిలో పెట్టండి. ఎద్దు గిట్టలా రెండుగా చీలి ఉంటుంది, పాప రెండు అరచేతుల కన్నా పెద్దది. మీ పెళ్ళిలో విస్తళ్ళు అడ్డాకువైతే, ఇదిగో ఇక్కణ్ణించే వచ్చాయని చెప్పండి. ఎండాకాలం దీని కాయలు ఎండి ఠప్పుమని పేలతాయి, గింజలు ఎగిరి దూరంగా పడతాయి.

పడిపోయిన మాను కనిపిస్తే ఆగండి. అందరూ చెట్టుకేసి పైకే చూస్తారు కానీ, పిల్లలకి కింద పడ్డదే బాగా నచ్చుతుంది. మాను మీద పాచి, పాచి మీద వేలి గోరంత పుట్టగొడుగులు, బెరడు ఊడిన చోట చెదలు తవ్విన సొరంగాలు, కుళ్ళి మెత్తబడ్డ చోట వేరే చెట్టు మొక్క మొలిచి నాలుగాకులు వేసి ఉంటుంది. చచ్చిన చెట్టు మీద ఎంతమంది బతుకుతున్నారో పాపని లెక్కపెట్టమనండి. చేత్తో కాదు, పుల్లతో. తొర్రల్లో, రాళ్ళ సందుల్లో చేతులు పెట్టకూడదన్నది అక్కడ మొదటి రూలు. రెండోది, గోధుమరంగు మెత్తటి నూగుతో గుత్తులుగా వేలాడే కాయల్ని ముట్టుకోకూడదు. అది దురదగొండి. అంటుకుంటే ఆ రోజుకి జలపాతం సంగతి మర్చిపోవచ్చు.

ఇంకొకటి. బాబు చేతికి ఎండు పుల్ల ఇచ్చి దారి పక్కన రాలిన ఆకుల్లోకి నిలువుగా గుచ్చమనండి. పై ఆకులు గలగలమంటాయి, వాటి కింద తడిగా అతుక్కున్న ఆకులు, ఇంకా కింద నల్లటి పొడి. అదంతా తడిపిన గోనెసంచి లాంటిది. వానాకాలం నీళ్ళు పీల్చుకుని కొంచెం కొంచెంగా వదుల్తుంది. వానలు ఆగి నెలైనా డిసెంబరులో జలపాతం ఎలా పారుతోందని వాడు అడక్కపోతే మీరే అడగండి. జవాబు పుల్ల చివర ఉంటుంది.

నిశ్శబ్దంగా ఉండగలిగితే కొమ్మల్లో పెద్ద ఉడుత కనిపించొచ్చు. మన కొబ్బరి చెట్ల ఉడుత కాదు, తోకతో కలిపి రెండు మూరలుంటుంది. మీ ఇద్దరు పిల్లలతో నిశ్శబ్దం అంటారా, సరే.

ఆ అడవి ఖాళీ అడవి కాదన్నది కూడా చెప్పండి. మనుషులున్న చోటు అది. 1882లో తెల్లవాళ్ళు అటవీ చట్టం తెచ్చి పోడుకీ అడవిలో తిరగడానికీ అడ్డం పడ్డారు. ఆ కడుపుమంటతో 1922లో జనం అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. బాబు పుస్తకంలో చదివిన రంప తిరుగుబాటు జరిగింది ఈ కొండల్లోనే. కాబట్టి ఊళ్ళలోంచి వెళ్తున్నప్పుడు ఇళ్ళ ముందు నిలబడి ఫోటోలు తియ్యొద్దని మీవారికి చెప్పండి, పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక మీ అత్తగారు. ఆవిడ్ని వదిలి వెళ్తే హాయని అనుకోవడం తప్పేమీ కాదు, అలా అనుకోని కోడలు నాకింకా ఉత్తరం రాయలేదు. కానీ ఆవిడ రెండు మాటలూ కలిపి చదవండి. పాములన్నది భయం, వదిలేస్తారా అన్నదీ భయమే. ఆవిడకి కావాల్సింది అమృతధార కాదు, బయల్దేరేటప్పుడు కారులో తన సీటు. అందుకే రెండు రోజులుగా చెప్పాను. జలతరంగిణి ఆవిడతో కలిసి చూడండి. మర్నాడు నడక దగ్గర "అత్తయ్యా, మీరెంతవరకూ వస్తే అంతవరకూ" అనండి. "మీరుండండి" అని మాత్రం అనకండి. దిగేటప్పుడే మోకాళ్ళకి ఎక్కువ బాధ, ఎక్కేటప్పుడు కాదు. కర్ర ఒకటి ఇవ్వండి, సగం దారిలో మంచి రాయి చూసి కూర్చోబెట్టండి, ఒక మనిషి ఆవిడ దగ్గర ఉండాలి. ఆ మనిషి వెళ్ళేటప్పుడు మీరైతే వచ్చేటప్పుడు మీవారు. అసలు రానంటే బస దగ్గరే ఉంటారు, అది ఆవిడ నిర్ణయం అవుతుంది, మీ మీద నింద ఉండదు.

పాముల గురించి ఆవిడతో వాదించకండి, మన వరి గట్ల మీద రాత్రిపూట టార్చి లేకుండా నడిచేది ఆవిడే అయ్యుంటారు. ఎలకలున్న చేలల్లో రక్తపింజరలు, కట్లపాములు మనకి కొత్తా? అక్కడైనా ఇక్కడైనా జాగ్రత్త ఒకటే: కనపడే చోటే అడుగు, చీకటి పడితే టార్చి. ఒకవేళ కాటు పడితే గుడ్డ బిగించి కట్టడం, కొయ్యడం, నోటితో పీల్చడం లేదు. కదలకుండా ఉంచి ఆసుపత్రికి. నన్నడిగితే పాము కన్నా దోమకి భయపడాలి. ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రం నించి పొడుగు చేతుల బట్టలు, ఒంటికి దోమల క్రీము, పడుకునేటప్పుడు దోమతెర. తిరిగొచ్చాక కొన్ని నెలల దాకా ఎవరికి జ్వరమొచ్చినా డాక్టరుకి మొదటే "మన్యం వెళ్ళొచ్చాం" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏ రక్తపరీక్ష రాయాలో ఆయనకి తెలుస్తుంది.

బూట్లు ఇప్పుడే కొనండి, బయల్దేరే ముందు రోజు కాదు. కొత్త బూటు కరిస్తే పాపని మీరే ఎత్తుకోవాలి. నాలుగు ఆదివారాలు కాలవ గట్టు మీద అవే బూట్లతో నడిపించండి. ఒక ఆదివారం కోరంగి తీసుకెళ్ళండి. ఎదుర్లంక వంతెన, యానాం దాటితే ఎంతో దూరం లేదు. మడ చెట్ల మధ్య చెక్క వంతెన మీద నడక, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాస వేర్లు. జలపాతం లేదన్న మాటే గానీ పాపకి అది మొదటి అడవి అవుతుంది. మీ అత్తగారు ఎంత దూరం నడవగలరో మీకూ తెలుస్తుంది. ఆ చదును వంతెన మీద అరగంటకే కూర్చుండిపోతే అమృతధార లెక్క మార్చుకోవాలి.

తిండి: కొండదారికి ముందు పొట్ట నిండా పెట్టకండి, రెండు ఇడ్లీలు చాలు. ఎండు అల్లం ముక్క ఉంచండి. నడకకి బయల్దేరే ముందే బొంగు చికెన్ చెప్పి వెళ్ళండి, అప్పటికప్పుడు అడిగితే గంట కూర్చోబెడతారు. మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద కాలుస్తారు, నూనె చుక్క ఉండదు. బొంగు నల్లగా మాడి మూతి దగ్గర బుసబుసమని ఆవిరి చిమ్ముతుంది, అప్పుడు ఆకు మీదకి తట్టి దులుపుతారు. పాపకి కారం ఎక్కువనిపిస్తే పెరుగన్నం మీ దగ్గర ఉండాలి. చిప్స్ కవర్లు, నీళ్ళ సీసాలు ఎన్ని తీసుకెళ్ళారో అన్నీ లెక్కపెట్టి వెనక్కి తెండి. కోతులకి ఏమీ పెట్టొద్దు, పెడితే మీ సంచి జిప్పు అవే తీస్తాయి.

బయల్దేరే రెండు రోజుల ముందు వాతావరణం చూసుకోండి. వాయుగుండం అన్న మాట వినిపిస్తే గది డబ్బు పోయినా సరే మానెయ్యండి. పిల్లలకి ఆ సంగతి చెప్పే పని మాత్రం మీవారికి అప్పగించండి, ఒక్క ఆదివారంలో అన్నీ చూపిస్తానన్నది ఆయనే కదా.